ఐదో పేజీలో యాక్సిడెంట్

‘బ్రెడ్డు ఫ్యాక్టరీలో యాక్సిడెంట్, మహిళకు గాయాలు.’

ఐదో పేజీలో ఓ మూలన, మొత్తం కలిపి నాలుగు లైన్లు. ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసే మెకానిక్ చదివాడు, మడిచాడు, మళ్ళీ విప్పి చదివాడు. ఒళ్ళు భగ్గుమంది. గాయాలట! కూరగాయలు తరుగుతుంటే వేలు తెగితే గాయమంటారు. పిండి కలిపే మిషన్లో చెల్లెలి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

పదకొండు గంటలకల్లా పేపరాఫీసు మెట్లెక్కి, వార్తలు దిద్దే ఆయన టేబుల్ మీద ఆ పేజీ పరిచాడు.

“దీన్ని యాక్సిడెంటని ఎవరు చెప్పారండీ మీకు?”

దిద్దే ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఫ్యాక్టరీ వాళ్ళు పంపిన నోట్‌లో అలాగే ఉంది. పోలీసులూ అదే అన్నారు. మేం కల్పించిందేం లేదు.”

“చెయ్యి పోయినామెని అడిగారా?”

“ఆవిడ ఆసుపత్రిలో ఉన్నారు కదండీ.”

“చెయ్యే పోయింది, నోరు పోలేదుగా!”

పక్క టేబుళ్ళ దగ్గర టైపింగ్ చప్పుడు ఆగిపోయింది.

“కూర్చోండి, కోపమెందుకు. మాకో పద్ధతుంది. తప్పెవరిదో తేలేదాకా యాక్సిడెంటనే రాస్తాం. బస్సు బోల్తా పడ్డా అంతే, గోడ కూలినా అంతే.”

“మరి తేలాక?”

“తేలేసరికి వార్త పాతబడిపోతుందండీ.”

“బాగుంది వరస! వినండి అయితే. ఆ మిషన్ మూతకి ఓ స్విచ్ ఉంటుంది. మూత తీస్తే మిషన్ ఆగిపోవాలి. మాటిమాటికీ ఆగితే పని సాగట్లేదని మేనేజర్ ఆ స్విచ్‌ని తీగతో కట్టించేశాడు. ఆర్నెల్లయింది. మూత తెరిచి ఉన్నా తిరుగుతూనే ఉంటుంది. చెయ్యి ఇవాళ కాకపోతే రేపు పోయేదే. దీన్నా మీరు యాక్సిడెంటనేది?”

ఆయన కలం తీశాడు. “ఇది రాయాల్సిన విషయమే. ఇంతకీ ఆ తీగ కట్టిందెవరు?”

మెకానిక్ టేబుల్ మీది పేజీని మళ్ళీ మడిచాడు.

రెండు రోజులుగా ఆసుపత్రి వరండాలో మేనేజర్‌ని పేరుపెట్టి తిట్టిపోశాడు. ఆ తీగ ఎవరు బిగించారో మాత్రం ఎక్కడా అనలేదు. “మూత తీసినా ఎందుకాగలేదన్నయ్యా?” అని చెల్లెలు అడిగితే, మిషన్ పాతదైపోయిందని చెప్పి బయటికొచ్చేశాడు. పేపర్లో వాళ్ళు వేసిన ‘యాక్సిడెంట్’ అన్న ఆ ఒక్క మాట మేనేజర్‌తో పాటు తననీ దాస్తోంది. ఆ సంగతి ఇప్పుడే తట్టింది.

“నేనే కట్టాను,” అన్నాడు. “నా ప్లయర్‌తో బిగించాను. వాడు కట్టమన్నాడు, నేను కట్టాను. రెండూ రాయండి. ఒకటి రాసి ఒకటి మింగేశారో, రేపు మళ్ళీ ఇక్కడే కూర్చుంటా.”

“మీ మీదా కేసవుతుందండోయ్.”

“కానివ్వండి.”

ఆయన గబగబా రాసి పైకి చదివాడు. “బ్రెడ్డు ఫ్యాక్టరీ యాక్సిడెంట్‌లో కొత్త విషయం...”

మెకానిక్ అరచేత్తో టేబుల్ మీద ఒక్కటిచ్చాడు. టీ గ్లాసు ఎగిరిపడింది. “ఇప్పటిదాకా చెవిలో ఏం పెట్టుకు విన్నారండీ! మళ్ళీ అదే మాటా?”

“అలవాటైపోయిందండీ,” అని గొణుగుతూ ఆ ముక్క కొట్టేశాడాయన.

రేపు పొద్దున్న పేపరొస్తుంది. ఈలోగా చెల్లెలికి తన నోటితోనే చెప్పాలి. మెకానిక్ అటునుంచటే ఆసుపత్రికి పోయాడు.

మంచం పక్కన నిలబడే మొత్తం చెప్పేశాడు. చెల్లెలు కన్నార్పకుండా విన్నది.

“పొద్దున్నే వచ్చి నీ చేత్తో నాకు టిఫిన్ తినిపించావు,” అంది. “అప్పుడు కూడా చెప్పలేదు.”

“తప్పేనమ్మా...”

“నోరుమూసుకో అన్నయ్యా! బయటికి పో.”

అతను గుమ్మం దాటబోతుండగా వెనకనుంచి మళ్ళీ పిలిచింది.

“రేపు ఆ పేపరు నువ్వే తేవాలి. అందరూ వినేట్టు ఈ వార్డు మధ్యలో నిలబడి చదవాలి. మేనేజర్ పేరు దగ్గర ఎంత గట్టిగా చదువుతావో, నీ పేరు దగ్గరా అంతే గట్టిగా చదవాలి. గొంతు తగ్గిందో, జన్మలో నీ మొహం చూడను.”