ఆవు అడ్డం రాలేదు

కంసావతి నది పొంగి ఊళ్లను ముంచిన పెద్ద వరదకు ఎనిమిదో ఏడు అది. నేను అప్పుడు ఖరగ్‌పూర్‌లో గూడ్సు డ్రైవరును. బొగ్గు బళ్లు నడిపేవాణ్ణి.

మా ఇంజన్లలో మరుగుదొడ్డి లేదు. బండెక్కే జనానికి ఈ మాట చెబితే నమ్మరు. పాసింజరు బళ్లలో వెనక పెట్టె పెట్టెకీ నాలుగేసి ఉంటాయి, అన్నిటినీ లాగేవాడికి ఒక్కటీ లేదు. చిన్నపనికి తలుపు ఉంది, గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుంటే చాలు. పెద్దపనికి బండి ఆపాలి. ఆపితే ఎందుకు ఆపావో పుస్తకంలో రాయాలి. అందరూ ఒకటే రాసేవారు, ఆవు అడ్డం వచ్చిందని. ఆ పుస్తకాలు చదివి ఎవరైనా మా సెక్షను చూడడానికి వస్తే, పాల వ్యాపారం పెట్టుకుందామనుకుంటారు.

నేనూ ఆవులు రాశాను. అంతకుముందు వానాకాలంలో నేను రాసిన ఆవు ఒకటి గేటు కాసే జగ్గారావు మెడకు చుట్టుకుంది. గేటు తీసిపెట్టి పశువును పట్టాల మీదికి వదిలాడని అతన్ని ఎక్కడికో అడవి స్టేషనుకు బదిలీ చేశారు. పెళ్లాం పిల్లలతో సామాను మోసుకుని వెళ్లేటప్పుడు నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. ఆ ఆవు ఎవరి కడుపులోంచి వచ్చిందో అతనికి తెలియదు.

అందుకని మళ్లీ కడుపు తిరగబడిన రోజు, రెండు స్టేషన్ల మధ్య బండి ఆపి, పని చూసుకుని వచ్చి, పుస్తకంలో ఉన్నమాట రాశాను. నేను చదివింది మూడో తరగతి. ఇంగ్లీషులో రాయడం వచ్చిన మాటలు పదిహేనో ఇరవయ్యో. కౌ అందులో ఉంది. ఆ రోజు రాసింది లెట్రిన్ అని. పద్నాలుగు నిమిషాలు అని పక్కన వేశాను.

ఆ పద్నాలుగు నిమిషాలూ నా వెనక ఒక పాసింజరు నిలబడిపోయింది. దాని చివర మా పెద్ద ఆఫీసరు పెట్టె తగిలించి ఉంది. ఆ పెట్టెలో పడకగది, వంటగది, రెండు బాత్రూములు. ఆ రెండింటిలో దేంట్లో కూర్చుని ఆయన గడియారం చూసుకున్నాడో నాకు తెలియదు.

శుక్రవారం పిలిపించాడు. నా రాత చదివి, పేరుపెట్టి పిలిచి హిందీలో అడిగాడు.

"దేముడూ, దీనికోసం బండి ఆపావా?"

"అవును సార్."

"చిన్న విమానం నడిపేవాడు ఒంటరిగా కూర్చుని ఆరేడు గంటలు పోతాడు. వాడు మనిషి కాదా? మబ్బు పక్కన ఆపి దిగుతున్నాడా?"

హెడ్ క్లర్కు సుందర్ రాజు నవ్వాడు. ఆఫీసరు చమత్కారం ఆడితే నవ్వడం అతని పనిలో భాగం.

"వాళ్లది శిక్షణ," అన్నాడు ఆఫీసరు. "మీది అలవాటు. సోమవారం పొద్దున సరైన కారణం రాసి పట్టుకురా. లేకపోతే మెయిన్ లైను మీంచి దించి యార్డులో షంటింగుకు వేస్తాను. రిటైరయ్యేదాకా అక్కడే."

షంటింగంటే అరమైలు ముందుకు, అరమైలు వెనక్కు. నా దగ్గర బొగ్గు ఎత్తినవాళ్లు అక్కడ జెండా ఊపుతారు, నేను ఆ జెండా చూసి కదలాలి. ముప్పై ఏళ్లు లైను మీద తిరిగినవాడికి అది ఎలా ఉంటుందో ఆఫీసరుకు తెలుసు. అందుకే ఆ మాట అన్నాడు.

సుందర్ రాజు వరండాలోకి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"దేముడు బావా, ఎందుకీ గోల. ఆవని మార్సి రాసీ. ఆఫీసరుకీ మర్యాద, నీకూ మర్యాద."

"గేటు కాసేవోడికో?"

"ఆడి సంగతి నీకేటి?"

అతని చెయ్యి తీసేసి మెట్లు దిగాను.

నా అసిస్టెంటు తవిటయ్య టీ కొట్టు దగ్గర అంతా విన్నాడు.

"ఆఫీసరు సెప్పినాడు గాని, ఆయనేటి పైలట్టా?" అన్నాడు. "సాలువా దాటినాక పాత రన్‌వే మీద పైనుంచి నది ఫొటోలు తీసే సిన్న విమానం ఒకటి దిగింది. దాన్ని నడిపేవోడు మన సమూయేలు డ్రైవరు కొడుకు ఆర్థరు. ఎల్లి అడగరాదా."

సమూయేలు దగ్గర నేను ఫైరుమానుగా పని నేర్చుకున్నాను. ఆర్థర్ మా పూరీ గేట్ పేటలో మా కళ్ల ముందు పెరిగినవాడే. ఆదివారం చర్చి అయిపోయే వేళ దాటాక సైకిలు తీశాను.

విమానం నేను అనుకున్నంత లేదు. మా ఇంజను ముందు నిలబెడితే బొమ్మ. ఆర్థర్ రెక్క నీడలో కూర్చుని రొట్టె తింటున్నాడు.

"బాబాయ్, నువ్వేటి ఇక్కడ?"

"ఒకటి అడగాల. పైకెల్లినాక వస్తే ఏటి సేస్తారు?"

ఏది అని అతను అడగలేదు. అటూ ఇటూ చూశాడు. "ఎవులు అడిగినా శిక్షణ అని సెప్తాం."

"నానూ డ్రైవర్నే. నాకు సెప్పు."

అతను లేచి, సీటు కింద చెయ్యి పెట్టి, వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసా ఒకటి లాగాడు. ఎర్ర మూత. ఊరగాయ పోసుకునే సీసాలా ఉంది.

"సిన్నదానికి ఇది. ఒక సేత్తో విమానం, ఒక సేత్తో సీసా. బెల్టు వదులు సేసుకోవాల. ముందు ఒళ్లో దారి సూసే మేపు తీసి పక్కన పెట్టాల. ఓసారి మర్సిపోయినాను. ఆ మేపు మరెవుడూ ముట్టుకోడు."

"పెద్దదానికో?"

"ముందురోజు పలసగా మజ్జిగన్నం. పొద్దున్న టీ బంద్."

"అయినా వస్తే?"

"దింపేస్తాం. దగ్గిర్లో ఎక్కడ దిగడానికుంటే అక్కడ."

"ఎందుకు దిగినావంటే?"

"ఇంజను వేడెక్కిందని రాస్తాం." రొట్టె ముక్క నోట్లో వేసుకున్నాడు. "ఇంజను కాదనదు గదా."

"అయితే నీదీ ఆవే."

ఆర్థర్ నవ్వాడు. "మా నాన్న రాసిన ఆవుల్ని కట్టేస్తే మలంచా రోడ్డు పట్టదు బాబాయ్."

నేను ఆఫీసరు పిలిపించిన సంగతి చెప్పాను. జగ్గారావు సంగతీ చెప్పాను. అతను రొట్టె నమలడం ఆపి విన్నాడు.

"ఇప్పుడు సెప్పినావు సూడు, అది కాయితమ్మీద రాసిస్తావా?" అన్నాను.

అతని నవ్వు పోయింది. నెల కింద రెండుసార్లు ఇంజను వేడెక్కిందని రాశాడట. కంపెనీ మెకానిక్కును కలకత్తా నుంచి పిలిపించి, ఇంజను పాడుచేశావని వాణ్ణి తిట్టారట.

"నాకు లైసెన్సు కావాల బాబాయ్. నాను సెప్పలేదు, నువ్వు యినలేదు. సీసా కావాలంటే పట్టుకెల్లు. దానిమీద నా పేరు నేదు."

సీసాను హేండిలుకు కట్టుకుని వచ్చాను. దారంతా అదే ఆలోచన. ఎగిరేవాడూ దిగుతాడు. దిగి ఇంజను మీదికి తోస్తాడు, మెకానిక్కు తిట్లు తింటాడు. ఆఫీసరు చెప్పిన శిక్షణ ఇదన్నమాట. అది మా దగ్గరా ఉంది, విమానం ఎక్కకుండానే నేర్పుతారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. లాంతరు కావాలన్నా, చీపురు కావాలన్నా స్టోర్సుకు ఇండెంటు కాగితం రాయాలి. అంతకుముందు వాడని కొత్త వస్తువైతే నమూనా జతచేయాలి. జతచేసినవాడికి ఆఫీసు రసీదు ఇవ్వాలి. ఆ రాత్రి నాకు వచ్చిన ఇంగ్లీషు మాటలన్నీ పోగుచేసి ఒక ఇండెంటు రాశాను. బాటిల్, పైలట్ టైపు, ఇంజనుకు రెండు. కారణం అనే చోట, కౌ నాట్ కం అని రాశాను.

మర్నాడు పొద్దున లేచి దొడ్లోకి పోలేదు. సీసా తీసుకున్నాను. మూడొంతులు నిండింది. నా పెళ్లాం చిట్టెమ్మ చూసింది.

"ఏటది?"

"ఆఫీసు పని."

మూత గట్టిగా బిగించి, మెడకు దారంతో చీటీ కట్టి, డ్యూటీకి మోసుకెళ్లే లైను బాక్సులో నిలబెట్టి తీసుకెళ్లాను. ఆఫీసరు అప్పుడే వచ్చి కూర్చున్నాడు. కాగితం, సీసా బల్ల మీద పెట్టాను.

"ఏమిటిది?"

"నమూనా సార్. విమానం వాళ్ల శిక్షణ."

ఆయన సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. ఇంకా వెచ్చగా ఉండి ఉంటుంది, వెంటనే దించాడు. అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"యార్డు," అన్నాడు.

"సరే సార్. నమూనాకు రసీదు ఇప్పించండి."

సుందర్ రాజు ఆయన ముఖం చూశాడు, నవ్వాలో వద్దో తెలియక. రూలు కాబట్టి రసీదు రాశాడు. సీసా ఒకటి, వాడినది. నేను మడిచి జేబులో పెట్టుకుని, బాక్సు మోసుకుంటూ యార్డుకు నడిచాను. షంటింగు ఇంజను నిలిచే చోట తలుపు, గొళ్లెం, నీళ్ల కుళాయి ఉన్న మరుగుదొడ్డి ఒకటి ఉంది. జెండా ఊపేవాణ్ణి కాసేపు ఆగమని చెప్పి, అందులోకి పోయి గొళ్లెం పెట్టుకున్నాను.