అడుగు గింజలు

ధాన్యం కొనే కేంద్రంలో వీరవేణి పని తేమ చూడటం. బస్తాలోంచి పిడికెడు గింజలు తీసి మిషన్లో పొయ్యాలి. తేమ పదిహేడు శాతం దాటితే బండి వెనక్కి. బస్తాలో పైగింజలు ఎండకు ఆరి ఉంటాయి, అడుగువి చెమ్మగా ఉంటాయి. ఎక్కడ తీస్తామన్నదే అసలు సంగతి.

సోమవారం ముప్ఫై ఎకరాల ఆసామి మంగరాజుగారి ట్రాక్టరొచ్చింది. "పైనే తియ్యమ్మా, పెద్దాయన ధాన్యం" అన్నాడు ఆఫీసరు. తీసింది. పదహారు. రాసేసింది. ఇంటికెళ్లాక, అడుగున తీసుంటే ఎంత చూపించేదో అనుకుంది. ఇక మీదట ఎవరి బస్తా అయినా సరే, మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగునే తియ్యాలని తనకు తానే కట్టడి పెట్టుకుంది.

ఆ కట్టడికి మొదట దొరికినవాడు కౌలురైతు త్రిమూర్తులు. మంగళవారం అతని బస్తా అడుగున తీస్తే మిషను ఇరవై చూపించింది.

"అమ్మాయిగారూ, సాయంత్రానికి వానంటున్నారండి. ధాన్యం మీద కప్పడానికి బరకం కూడా లేదండి నాకు. నిన్న మంగరాజుగారికి పైనే తీసేరు కదండీ?"

"నిన్న తప్పు చేశాను బాబాయ్. ఇవాళ చెయ్యను."

"ఆయ్. తప్పేమో ఆయనకీ, ఒప్పేమో నాకూనా అండీ?"

వీరవేణి ఇరవై అని రాసి బండి వెనక్కి పంపింది.

ఆ సాయంత్రం పట్టిన వాన రెండ్రోజులు వదల్లేదు.

శుక్రవారం మంగరాజుగారి రెండో బండి. వీరవేణి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. ఇరవై ఒకటి. రాసింది. ఆఫీసరు కేకలెయ్యలేదు. "మీరు అలిసిపోయేరండి, గోనెసంచులు చూసుకోండి" అని నవ్వుతూ ఆ కాగితం చింపి, మిషను ఇంకొకడికిచ్చాడు. వాడు పైన తీశాడు. పదహారు. పెద్దాయన బండి లోపలికెళ్లింది. ఆమె నీతి నాలుగు రోజుల్లో పనిచేసింది ఒక్కడి మీదే, బరకం లేనివాడి మీద.

ఇంటికెళ్తుంటే రాజోలు రోడ్డు మీద త్రిమూర్తులు ధాన్యం పరిచి కాళ్లతో తిరగేస్తున్నాడు. తెల్లగా మొలకలొచ్చేశాయి. ఆమె స్కూటీ ఆపింది.

"బాబాయ్, సోమవారం నేను రాసింది దొంగ లెక్కని సంతకం పెట్టి కలెక్టరుకి కాగితమిస్తాను. ఉద్యోగం పోతే పోనీ."

"ఇవ్వండి. మంచిదేనండి." త్రిమూర్తులు వంగి పిడికెడు మొలకలు తీసి ఆమె చేతిలో పోశాడు. "ఇవి పైగింజలేనండి. ఇప్పుడు పైనా అడుగూ ఒకటే."