ఇంకో చుట్టు

అయితే ఆ ఆఖరి చుట్టు తిప్పింది నేనా, నా చెయ్యా అన్నది తేలాల్సి ఉంది. ఎందుకంటే నేనైతే చాలనే అనుకున్నాను. అక్క బండికి పెడుతున్న కొత్త స్పార్క్ ప్లగ్గు బిగిసింది, పానాకి ఎదురు తగిలింది, ‘చాలు’ అన్న మాట లోపలెక్కడో స్పష్టంగా వినిపించింది కూడా. చెయ్యి వింటేనా! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇంకో చుట్టు తిప్పింది. ఆ చుట్టు సగంలో ఎదురు మాయమైంది. అంతసేపూ రాయిలా ఉన్నది వెన్నలా అయిపోయింది. ఆ మెత్తదనం ఎంత హాయిగా ఉందంటే నాకు నవ్వొచ్చింది. కొంప మునిగే ముందు అరక్షణం పాటు ఇంత సుఖం ఉంటుందని ఎవరూ ఎందుకు చెప్పరో.

తరవాత అక్క వచ్చి కిక్కు కొట్టింది. ఇంజిన్ రెండుసార్లు దగ్గి, మూడోసారి ప్లగ్గుని ఉమ్మేసింది. అది ఠప్పున బయటికొచ్చి, ఊడీ ఊడని పాలపన్నులా తీగ చివర వేలాడుతూ ఊగింది.

“ఒరేయ్ బోల్టూ, ఇది ఇలా బయటికి రావాలా?” అంది అక్క.

“రాకూడదు.”

“మరి వచ్చిందేం?”

“చూద్దామని వచ్చుంటుంది.”

అక్క నవ్వలేదు. అప్పుడు నాకు భయమేసింది. వంగి చూస్తే ప్లగ్గు ఒంటి మీద ఇంజిన్ తాలూకు అల్యూమినియం మరలు సన్నటి మెరిసే తీగలా చుట్టుకుని ఉన్నాయి. అవి లోపల ఉండాల్సినవి.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి అక్కకి లైసెన్సు పరీక్ష. మూడోసారి. నలభై నాలుగేళ్ళ మనిషి, పశువుల ఆసుపత్రిలో పదేళ్ళుగా సూదులు అందిస్తోంది. ఊళ్ళు తిరిగి వైద్యం చేసే ఉద్యోగం ఖాళీ అయితే, బండి లైసెన్సు సోమవారంలోగా చూపిస్తే నీకే అన్నారు. ఈ రోజు శుక్రవారం. దరఖాస్తులో ఈ బండి నంబరే రాసి ఉంది. పైగా కిందటిసారి అరువు బండి మీదే ఎనిమిది అంకె వెయ్యలేక తొమ్మిది వేసి వచ్చింది. ఆమెకి ఏదైనా చేసి పెట్టాలని, పొద్దున్నే లేచి, ఎవరూ అడక్కుండా, నేను ప్లగ్గు మార్చాను.

దీనికి మా నాన్నని అనాలి. కాదు, అనకూడదు. కానీ అనాలి. మా ఇంట్లో ఏ సీసా మూతా ఒక్క మనిషికి లొంగదు. నాన్న కట్టేసిన కుళాయి తిప్పాలంటే అమ్మ చేతికి తువ్వాలు చుట్టుకుని, గోడకి కాలు తన్ని పెట్టాలి. “ఇంకో చుట్టు వేస్తే పోయేదేముంది” అనేది ఆయన మాట. ఆ మాటకి ఇప్పటిదాకా రెండు కుళాయిలు, ఒక కుర్చీ కాలు, పక్కింటివాళ్ళ గేటు పోయాయి. కానీ వింతేమిటంటే నా పని కళ్ళద్దాల దుకాణంలో. రోజంతా నువ్వుగింజంత మరమేకులు తిప్పుతాను. ఏడేళ్ళలో ఒక్క మర పోలేదు. అక్కడ నా చెయ్యి పక్షి ఈకలా ఉంటుంది. ఎవరి ముక్కు మీదివో ఆ అద్దాలు, నాకేం? మనవాళ్ళ వస్తువు దగ్గరికి వచ్చేసరికే అది నాన్న చెయ్యి అయిపోతుంది. వదిలేస్తే ఊడిపోతారేమోనని.

“తొయ్యి,” అంది అక్క.

తోశాం. ఆమె హాండిల్ పట్టుకుంది, నేను వెనక. వాలు రాగానే టక్కున ఎక్కి కూర్చుంది. బండి చప్పుడు లేకుండా జారింది. నేను చెప్పుల్ని నమ్ముకుని వెనక పరిగెత్తాను.

“నన్నొదిలేసి పోతావేంటే!”

“బ్రేకులు ప్రాక్టీసు చేస్తున్నాన్రా!” అని అరిచింది. ఆ అరుపులో నవ్వు వినిపించింది. అక్క నవ్విందంటే ఇంకా దారి ఉన్నట్టే. ఎదురొచ్చిన కుక్క మాకు దారిచ్చి, ఆలోచించి, నా వెనక అది కూడా పరిగెత్తింది.

వాలు కింద మెకానిక్ షెడ్డు. ఆయన పేరున్న బోర్డు వానలకి చెరిగిపోయింది, ఆయన్ని అందరూ నిదానం అనే పిలుస్తారు. పెద్ద పొట్ట, కాడ మర ఊడిపోతే దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు. టార్చి వేసి ప్లగ్గు రంధ్రంలోకి చాలాసేపు చూశాడు. పక్కన నిలబడి నేను కూడా చూస్తున్నట్టు నటించాను.

“ఎవరు చేశారమ్మా ఇది? లోపల నున్నగా గుండు చేసేశారు.”

అక్క నా వైపు చూపించింది. వేలితో కాదు, గడ్డంతో. అది ఇంకా ఘోరం.

“ఇంజిన్ హెడ్డు మార్చాలా?” అన్నాను.

“మారిస్తే ఎల్లుండి. ఉంగరం వేస్తే మధ్యాహ్నం.”

లోపలా బయటా మరలున్న చిన్న ఉక్కు ఉంగరం అరచేతిలో పెట్టి చూపించాడు. పాడైన రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త మరలు కోసి, ఈ ఉంగరాన్ని అందులో కూర్చోబెడతాడట. ప్లగ్గు ఇక ఉంగరంలో ఉంటుంది.

“వీడికంటే ముందు బండికి ఉంగరం పడుతోంది,” అంది అక్క. నిదానం పొట్ట ఊగేలా నవ్వాడు. నేనూ నవ్వాను, ఆ జోకు ఖరీదు నాదే కాబట్టి.

పిస్టన్‌ని కిందికి దించాడు. మరలు కోసే పనిముట్టుకి గ్రీజు దట్టంగా పూశాడు. కోసిన లోహపు రజను లోపల పడకుండా దానికే అంటుకోవాలట. తిప్పడం మొదలుపెట్టాడు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. కాసేపటికోసారి బయటికి తీసి, నల్లటి గ్రీజులో మెరిసే రజను తుడిచి, మళ్ళీ పూసి, మళ్ళీ అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. నా ఊపిరి కూడా అలాగే ఆడటం మొదలెట్టింది. ఆ పావు చుట్టు నన్ను కలవరపెట్టింది. మా వంశంలో వెనక్కి తిప్పిన చెయ్యి లేదు.

“వెనక్కి ఎందుకండీ?” అన్నాను.

“కోసింది తెగి పడొద్దూ? ముందుకే పోతే ఇరుక్కుంటుంది బాబూ.”

మధ్యలో ఆయన కళ్ళద్దాలు రెండుసార్లు జారి గ్రీజు డబ్బాలో పడ్డాయి. రెండోసారి ఆయన వాటినే తిట్టాడు. ఇల్లాలిని విసుక్కున్నట్టుంది ఆ తిట్టు.

చివరికి సన్నటి గొట్టంతో గాలి కొట్టి, టార్చి వేసి లోపలంతా చూసి, ఉంగరానికి జిగురు రాసి కూర్చోబెట్టాడు. “అరగంట ముట్టుకోవద్దు,” అన్నాడు. గడియారం పన్నెండున్నర. అక్క హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, నేల మీద వేలితో ఎనిమిది అంకెలు గీస్తూ కూర్చుంది. ఒకటి గీస్తుంది, పెదవి విరుస్తుంది, మళ్ళీ గీస్తుంది. అరగంట ముట్టుకోకుండా ఉండటం నాకు చేతకాదు. చేతులు దురద పెట్టాయి. అందుకని ఆయన కళ్ళద్దాలు అడిగి తీసుకున్నాను.

దారం తెంచాను. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే బుల్లి స్క్రూడ్రైవరు తీశాను, పర్సు మూలలోంచి ఒక మరమేకు ఏరాను. కొసన పట్టి, కాడ కీలులో పెట్టి, ముందు గోటితో రెండు చుట్లు, తరవాత స్క్రూడ్రైవరుతో ఒకటి. ఆగింది. నేనూ ఆగాను. చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాను.

నిదానం పెట్టుకుని తల ఊపాడు. కదల్లేదు. వంగాడు. కదల్లేదు. నన్ను ఎగాదిగా చూశాడు.

“ఈ చెయ్యేనా ఆ మర పోగొట్టింది?”

“ఇదే.”

“అయితే ప్లగ్గు నువ్వే పెట్టు.”

“అయ్యో, వాడి చేతికా!” అక్క లేచి నిలబడింది. “మీకు దండం పెడతాను, మూడింటికి నేను దాని మీద కూర్చోవాలి!”

“వేళ్ళతో ఆగేదాకా. తరవాత పానాతో అర చుట్టు. అంతే,” అన్నాడు ఆయన నాతోనే. “నువ్వు పెట్టకపోతే మళ్ళీ మార్చేటప్పుడు ఇంట్లో పోగొడతావు. ఇంకో ఉంగరం పట్టే చోటు లేదు.”

అక్క నన్ను చూసింది. ఆ చూపులో ఆరేళ్ళప్పుడు నేను పీకేసిన ఆమె సైకిల్ గంట, గట్టిగా పట్టుకుని చింపేసిన ఆమె గాలిపటం, అన్నీ వరసగా వెళ్ళాయి. తరవాత ఆమె ఊపిరి వదిలింది.

“పెట్టరా. పోతే నీ వీపు మీదెక్కి ఎనిమిది వేస్తాను.”

వేళ్ళతో మొదలుపెట్టాను. ప్లగ్గు వెళ్తోంది. ఉక్కు ఉంగరంలో నున్నగా, చల్లగా, చేప నీళ్ళలోకి పోతున్నట్టు. నాకు చక్కిలిగిలి పెట్టినట్టయింది. ఆగింది. పానా తొడిగాను. అప్పుడే అక్క ఫోన్ మోగింది. నాన్న. ఆమె చేతిలో హెల్మెట్ ఉండటంతో స్పీకరు పెట్టింది.

“అయిందా?” అన్నాడు నాన్న.

“తమ్ముడు ప్లగ్గు బిగిస్తున్నాడు నాన్నా.”

“గట్టిగా బిగించమను! దారిలో ఊడితే నవ్వులపాలవుతాం.”

పావు చుట్టు. ఎదురు తగిలింది. ఇంకో పావు. వాషరు నలిగి కూర్చోవడం అరచేతికి తెలిసింది. అర చుట్టు అయింది. ‘చాలు’ అన్న మాట వినిపించింది, పొద్దున వినిపించిన చోటునుంచే. చెయ్యి మాత్రం పానా మీద ఉండిపోయింది. భుజం మెల్లగా పైకి లేస్తోంది. అది ఎవరి భుజమో నాకు తెలుసు. ఆ కుళాయిలూ, ఆ గేటూ, మేం ఊడిపోతామేమోనని ఆయన రాత్రింబవళ్ళు పడిన బెంగా అందులో ఉన్నాయి. నాకు మళ్ళీ పొద్దున్నలాగే నవ్వు ముంచుకొస్తోంది.

“ఇంకో చుట్టు వెయ్యమనవే! పోయేదేముంది!” అన్నాడు నాన్న, ఫోను పగిలేలా.

నిదానం కొత్తగా కదలని కళ్ళద్దాల్లోంచి నన్నే చూస్తున్నాడు. హెల్మెట్ మీద ఎనిమిది గీస్తున్న అక్క వేలు ఆగిపోయింది.

“వేశాను నాన్నా,” అన్నాను, జీవితంలో మొదటిసారి ఆయనతో నవ్వుతూ అబద్ధమాడి.

పానా తీసి నేల మీద పెట్టాను.