ఎండ ఎవరి వాటా

కిటికీ రెక్కకూ చట్రానికీ మధ్య పట్టుకున్న సన్నటి కాగితం ముక్క గొర్రెతోకలా ఊగింది. ఇన్‌స్పెక్టరు తల పంకించాడు. ఏసీ చల్లదనమంతా ఆ సందులోంచే పోతోంది.

"వీధికంతా చల్లగాలి దానం చేస్తున్నావమ్మా."

"పుణ్యమేగా బాబాయిగారూ," అంది టైలరమ్మ, పంటి కింద గుండుసూది తియ్యకుండానే.

కరెంటు పొదుపు శాఖలో చేరిన నాటి నుంచీ ఆయన చేస్తున్నది ఇదే పని. ఇళ్లకు వెళ్లడం, కిటికీల దగ్గర కాగితం పట్టడం, ఫ్రిజ్ తలుపులు లాగి చూడడం. పొట్టి మనిషి. ఏ గదిలోకైనా ముందు పొట్ట వెళ్లేది, వెనకాల ఆయన వెళ్లేవాడు. చొక్కా జేబు నిండా కాగితం ముక్కలుండేవి గనక పిల్లలు ఆయన్ని కాగితాల తాత అనేవారు.

మొదట్లో అంతా చట్టమే. కరెంటు తాగే పాత సామాను వాడితే జరిమానా. ఆయన వీధి మొగలో కనబడగానే పాత ఫ్రిజ్‌లన్నీ దుప్పట్లు కప్పుకుని బల్లలైపోయేవి. ఒకాయన అది బీరువా అని వాదించాడు. తెరిస్తే నిజంగానే మడతపెట్టిన చొక్కాలున్నాయి. "ఎండలకి చల్లటి చొక్కా హాయిగా ఉంటుందండీ," అన్నాడు ఆ పెద్దమనిషి. తర్వాత ప్రభుత్వానికి దయ పుట్టి రాయితీ పెట్టింది. పాత ఫ్రిజ్ అప్పగిస్తే కొత్తది చవగ్గా ఇస్తారు. దాంతో అదే వీధిలో ఎన్నడూ లేని ఫ్రిజ్‌లు పుట్టుకొచ్చాయి. తలుపు సొట్టబోయిన ఒక పచ్చ ఫ్రిజ్ ఒకే పూట ఆయనకు ఇంటింటా ఎదురైంది. చివరి ఇంట్లో దాన్ని చూసి, "మీరు కూడా ఇటే వచ్చారా?" అని పలకరించి బయటపడ్డాడు.

బెల్లం పెడితేనే చీమలొస్తాయని పై అధికారి అనేవాడు. దెబ్బకు దెయ్యమైనా వదులుతుందని ఈయన నమ్మకం. ఇంట్లో భార్య మీద రెండూ ప్రయోగించి చూశాడు. దీపం ఆర్పడం మరిచినవాళ్లే గిన్నెలు తోమాలని చట్టం చేశాడు. మొదటిరోజే స్నానాలగదిలో దీపం ఆయనే మరిచాడు. బిల్లు తగ్గిస్తే కోరింది కొనిస్తానని ఆశపెట్టాడు. ఆవిడ పట్టుదలగా తగ్గించి, రొట్టెలు కాల్చే కరెంటు పొయ్యి కోరుకుంది.

టైలరమ్మ సంగతి మాత్రం నవ్వులాట కాదు. పైకప్పు కిందే ఆమె అద్దెగది. ఎండకు కప్పు పెనంలా కాలేది. ఏసీ ఇంటాయన పెట్టించిన పాతది, బిల్లు మాత్రం ఆమెది. వృథా చేసినందుకు జరిమానా వాడినవాళ్ల మీద పడుతుంది. వేడి తగ్గేలా మేడ పైకప్పుకు తెల్లరంగు వేస్తే వచ్చే పన్ను రాయితీ ఇంటివాళ్లకు దక్కుతుంది. ఆమె మీద అప్పటికే ఫిర్యాదులు రాసి ఉన్నాయి. ఇవాళ ఇంకొకటి రాస్తే మీటరు తీసేస్తారు. మిషను ఆగిపోతుంది.

ఆయన కలం తియ్యలేదు. మెట్లు దిగి ఇంటాయన తలుపు తట్టాడు.

"ఉక్క ఆవిడది, బిల్లు ఆవిడది. మధ్యలో నేనెవర్నండీ?" అన్నాడు ఇంటాయన, కింద చల్లటి గదిలో కాళ్లు చాపుకుని.

"ఇల్లు మీదేగా."

"గోడలు నావి. వేడి నాది కాదు."

"రాయితీ వస్తుందండీ."

"అది ఎప్పుడో వస్తుంది. ఖర్చు ఇవాళే పోతుంది."

చట్టం ఇంటాయన దాకా రాదు, రాయితీ ఆయన్ని కదిలించదు. ఇన్‌స్పెక్టరు గడ్డం గోక్కుని, "పరీక్షకు ఇంటివాళ్లు దగ్గరుండాలి, ఒకసారి పైకి రండి," అన్నాడు.

పైన ఏసీ ఆపించాడు. కాగితం ముక్క పట్టుకుని ఒక్కో కిటికీ దగ్గరా పెళ్లిచూపులకు వచ్చినవాడిలా తాపీగా నిలబడ్డాడు. ఇంటాయన చొక్కా వీపుకు అతుక్కుంది.

"ఇంకా ఎంతసేపండీ?"

"సావకాశంగా చెయ్యాలని చట్టం."

"అలాంటి చట్టం కూడా ఉందా?"

"ఉంటే బావుండేది," అన్నాడు ఇన్‌స్పెక్టరు, జేబురుమాలు పిండుకుంటూ.

టైలరమ్మ మెడలో తువ్వాలు వేసుకుని కుడుతూనే ఉంది. గుడ్డ ముట్టుకునే ముందు ప్రతిసారీ చేతులు తుడుచుకుంటోంది. ఇంటాయన చాలాసేపు ఆ చేతులనే చూశాడు.

"రోజూ ఇంతేనా అమ్మా?"

"లేదండీ, ఇవాళ కాస్త మబ్బేసింది."

ఇంటాయన కుర్చీలో కూలబడ్డాడు. "మేడకి రంగు కొట్టిస్తాను. కిటికీలు కూడా బాగుచేయిస్తా. ముందా ఏసీ వెయ్యి తల్లీ."

ఇన్‌స్పెక్టరు ఆమె మీద ఏమీ రాయకుండానే బయటికొచ్చాడు. మేడ ఒకసారి చూసి వెళతానని మెల్లగా మెట్లెక్కాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా గుండీలు విప్పుకుని కుర్చీలో వాలాడు. జరిగిందంతా చెబితే భార్య కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"ఇంతకీ ఏది గెలిచిందండీ? మీ చట్టమా, మీ ఆఫీసరు రాయితీయా?"

"చెమట," అన్నాడాయన. "ఎందుకో గుండెల్లో బరువుగా ఉంది. కాసిని మంచినీళ్లు పట్రా."

ఆవిడ గ్లాసుతో వచ్చేసరికి ఆయన తల ఒకపక్కకు వాలి ఉంది. నిద్రనుకుని, "ఏమండీ," అని పిలిచింది. మళ్లీ పిలిచింది. ఆఖరికి, పెళ్లయిన నాటి నుంచీ నోట పలకని పేరుతో పిలిచింది.

ఇంటాయన మాట తప్పలేదు. ఆ వారంలోనే మనుషులొచ్చి మేడంతా తెల్లరంగు వేశారు. నీళ్లట్యాంకు పక్కన ఒక స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. తనిఖీకి వచ్చిన మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు అక్కడ కూర్చుని భోంచేసి మరిచిపోయిందది. అది టైలరమ్మదని ఇంటాయన అనుకున్నాడు. రంగులవాళ్లదని టైలరమ్మ అనుకుంది. ఇంటివాళ్లదని రంగులవాళ్లు దాన్ని కదపకుండా చుట్టూ కుంచె తిప్పుకుంటూ పోయారు. కళ్లు చెదిరే ఆ తెలుపులో, మూత సగం పెట్టిన డబ్బా ఎండకు కాలుతూ అక్కడే ఉంది.