కడగకూడని స్పాంజి

తొట్టి ముందు గొంతుక్కూర్చుని అతను అద్దం తుడుస్తున్నాడు. పైనుంచి కిందికి ఒకసారి, అడ్డంగా ఒకసారి, చివర్లో గుడ్డ కొసతో మూలలు. ముప్పై ఏళ్లుగా పెద్ద పెద్ద భవనాలకు తాళ్లమీద వేలాడుతూ చేసే పనే, ఇంట్లో ఈ రెండడుగుల గాజుతొట్టికీ చేస్తున్నాడు. అద్దం మధ్యలో రోజూ ఉండే మరక ఈ పొద్దున కూడా ఉంది. అది అక్క చూపుడువేలి ముద్ర. కొత్త ఆకు కనబడితే చాలు, మంచం మీంచి చెయ్యి చాపి ఆవిడ అక్కడ వేలు ఆనించాల్సిందే.

"ముట్టుకోకుండా చూడలేవా అక్కా?"

"నేను ముట్టుకోకపోతే నీకు తుడవడానికేం ఉంటుందిరా?"

ఆ ముద్రలో అడ్డంగా ఒక గీత ఉంటుంది. చొక్కాలకు కాజాలు కుట్టే రోజుల్లో మిషను సూది దిగిన గుర్తు. తల్లి పోయినప్పుడు అతనికి ఆరేళ్లు, ఆవిడకు పదిహేడు. ఆ కాజాలతోనే తమ్ముణ్ణి పెంచింది. తమ్ముడు ఒక దారిన పడ్డాక పెళ్లి చేసుకుందామని ఆవిడ, అక్క పెళ్లయ్యాక చూద్దామని అతను. ఒకరికోసం ఒకరు ఆగి, చివరికి ఇద్దరూ అలాగే ఉండిపోయారు. అందుకు పెద్దగా బాధపడిందీ లేదు.

ఇప్పుడు ఆవిడ గుండె అలిసిపోయింది. ఇక వారాలే, నెలల మాట ఎత్తొద్దని డాక్టరు అతనికి విడిగా చెప్పాడు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. "కదిలేదేదైనా చూడాలనుందిరా," అని ఆవిడ అడిగిన మర్నాడే తొట్టి వచ్చింది. అడుగున నల్లమట్టి, దాని మీద ఇసుక, పట్టకారుతో ఒక్కొక్కటిగా నాటిన మొక్కలు. మట్టి లేవకుండా పళ్లెం పెట్టి, దాని మీద నీళ్లు పోశాడు. ఒక నెల ఆగాలన్నాడు చేపల కొట్టాయన. చేపల మురికిని హరించే కంటికి కనబడని పురుగులు ఫిల్టరులోని స్పాంజిలో కాపురం పెట్టాలట. అప్పటిదాకా చేపలొద్దన్నాడు. అన్నింటికీ ఇతను తలూపాడు.

ఇరవయ్యో రోజు ఫిల్టరు తెరిస్తే స్పాంజి గోధుమరంగుకు తిరిగి జిగటజిగటగా ఉంది. మరకంటే పుట్టుపగ కదా, ఊరుకుంటాడా? సబ్బు పెట్టి తెల్లగా తోమి, అక్కకు చూపించి మరీ మురిశాడు. ఆ మాట వినగానే కొట్టాయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అది మురికి కాదయ్యా, దాని ప్రాణం. ఇక మళ్లీ మొదటికే."

ఇంకో నెల. అక్కకు అంత వ్యవధి ఉందో లేదో. ఎలా చెప్పాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆవిడే మొహం చూసి కనిపెట్టేసింది. "నీ శుభ్రం మండిపోనూ. సర్లే, నేనెక్కడికి పోతాను," అంది. అతను పెరట్లోకి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

ఆ నెల ఈరోజుతో అయింది. చిన్న సీసాలో తొట్టినీళ్లు పట్టి జేబులో వేసుకుని, అక్కను పక్కింటావిడకు అప్పగించి పనికి వెళ్లాడు. తొమ్మిదో అంతస్తు దగ్గర అద్దం లోపల మనుషులు నవ్వుకుంటున్నారు, కాఫీ తాగుతున్నారు. అద్దం బయట మనిషున్నాడని వాళ్లకు తట్టదు. దానికతను ఎన్నడూ నొచ్చుకోలేదు. ఈరోజు మాత్రం సీసా తగిలినప్పుడల్లా జేబు తడుముకున్నాడు.

సాయంత్రం కొట్టాయన ఆ నీళ్లలో మందు చుక్కలేసి ఊపాడు. ఆకుపచ్చకు తిరిగితే ఇంకా విషం ఉన్నట్టు. నీళ్లు పసుపుగానే నిలిచాయి. ఆరు గప్పీ చేపల్ని పట్టి నీళ్లసంచిలో వేసి, ఇతని మొహం చూసి ఇంకొకటి కొసరు వేశాడు.

ఇంటికొచ్చి సంచిని తొట్టిలో తేలేసి, చేపలు ఆ చల్లదనానికి అలవాటు పడేదాకా అరగంట ఆగాలన్నాడు అతను. "చుట్టాల్ని పిలిచి గుమ్మంలో నిలబెడతావేంరా," అంది అక్క. కాని ఆగింది. మూతి విప్పగానే నారింజరంగు తోకలు ఒక్కొక్కటే మొక్కల్లోకి జారాయి. ఆవిడ అద్దం మీద వేలు ఆనించి, ఊపిరి అందక ఆగి ఆగి లెక్కపెట్టింది.

"ఏడున్నాయిరా."

"ఒకటి కొసరు."

"కొసరేదో తెలీడం లేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి," అని నవ్వింది.

అతను పాలు వెచ్చబెట్టి తెచ్చేసరికి ఆవిడ చెయ్యి మంచం అంచున వాలి ఉంది. కళ్లు తొట్టివైపే ఉన్నాయి. చూస్తోందనుకుని గ్లాసు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత పిలిచాడు. మళ్లీ పిలిచాడు.

అన్నీ అయిపోయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, ఒక పొద్దున గుడ్డ తడిపి తొట్టి ముందు కూర్చున్నాడు. పైఅంచు తుడిచాడు. పక్కలు తుడిచాడు. మూలల్లో గుడ్డ కొస తిప్పాడు. మధ్యకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. గుడ్డ పిండి పక్కన ఆరేశాడు.

అద్దం మీద, అడ్డగీత ఉన్న వేలిముద్ర వెనక్కి ఒక చేప వచ్చి, కాసేపు నిలిచి, ఆకుల్లోకి వెళ్లింది.