పళ్ళ సాక్ష్యం

సోమవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి టాఫీ ఫ్యాక్టరీలో మూడో లైను కార్మికురాలు క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు.

పత్రం మేనేజరు బల్ల మీద ఉంది. అందులో రెండే వాక్యాలు. సరుకు తిన్నాను. ఇక తినను. సంతకం పెడితే పెట్టెలు కట్టే విభాగానికి మారుస్తారు. పెట్టకపోతే శుక్రవారంతో ఉద్యోగం ఆఖరు.

ఆమె వయసు ముప్పై ఎనిమిది. టాఫీకి కాగితం చుట్టే యంత్రం దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. లైనులో అందరూ మిరపకాయ అంటారు.

ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. ఏడాదికోసారి పళ్ళ డాక్టరు వచ్చి అందరి నోళ్ళూ చూసి, పుచ్చిన పళ్ళ సంఖ్య కార్డు మీద రాస్తుంది. సంఖ్య నాలుగు దాటితే ఆ మనిషి సరుకు తింటున్నట్టు లెక్క. ఈ నియమం ఎవరు పెట్టారో మేనేజరుకు తెలియదు. ఆయన వచ్చేనాటికే ఉంది. మిరపకాయ కార్డు మీద కిందటేడాది రెండు. ఈ ఏడాది తొమ్మిది.

"తొమ్మిది పళ్ళు ఊరికే పుచ్చుతాయా?" అన్నాడు సూపర్‌వైజరు. "నిప్పు లేందే పొగ రాదు కదమ్మా."

"మీ నెత్తి మీద జుట్టు ఊరికే పోయిందా? ఎవరైనా పీక్కు తిన్నారా?"

మేనేజరు దగ్గాడు. "పెట్టెయ్యమ్మా సంతకం. పెట్టెల దగ్గరైనా జీతం అదే."

"జీతం గురించి కాదు సార్. తినలేదు. తినని దానికి తిన్నానని రాసివ్వను. మా అమ్మ రాసిచ్చింది, చాలు."

తల్లి అదే ఫ్యాక్టరీలో పదహారేళ్ళు పనిచేసింది. నలభై రెండో ఏట పద్నాలుగు పళ్ళు పుచ్చాయి. పెట్టమన్న చోట సంతకం పెట్టింది. ఆర్నెల్ల తర్వాత ఆ సంతకమే చూపించి పంపించేశారు. వీధిలో ఇప్పటికీ ఆమెను టాఫీ అత్త అంటారు. అనేవాళ్ళ అరుగుల ముందు నుంచి కాకుండా ఆమె వెనక సందులోంచి వెళ్తుంది.

షిఫ్టు అయ్యాక మిరపకాయ ఊళ్ళో పళ్ళ డాక్టరు క్లినిక్కుకి వెళ్ళింది. తాను రాసే సంఖ్యను ఫ్యాక్టరీ ఏం చేసుకుంటుందో డాక్టరు మూడేళ్ళలో ఎన్నడూ అడగలేదు. ఆ రోజు మిరపకాయ నోట విన్నది.

తర్వాత అడిగింది. "నోరు ఎండుతోందా?"

"నీళ్ళు లేకుండా ముద్ద దిగదండి. యంత్రాల వేడి అనుకున్నా."

డాక్టరు గీతలున్న గాజు గొట్టం ఇచ్చింది. తల వంచి కూర్చో, మింగకు, నోట్లో చేరిన ఉమ్మి ఇందులోకి జారనీ అంది. ఐదు నిమిషాలయ్యాక చూస్తే అర మిల్లీలీటరు కూడా లేదు. మామూలుగా ఒకటిన్నర, రెండు వస్తుంది. మర్నాడు పరగడుపున రక్తం తీశారు. చక్కెర రెండు వందల పన్నెండు.

"నీకు షుగరు," అంది డాక్టరు. "అది అదుపు తప్పితే ఉమ్మి తగ్గుతుంది. ఉన్న కాస్త ఉమ్మిలోకీ చక్కెర చేరుతుంది. నోటిని కడిగేదీ, పులుపును విరిచేదీ, పంటికి సున్నం అందించేదీ ఉమ్మే. అది లేకపోతే మామూలు తిండికి కూడా పళ్ళు పుచ్చుతాయి. మీ అమ్మకుందా?"

"ఉంది. పళ్ళు పోయిన రెండేళ్ళకి బయటపడింది. మా వంశం పళ్ళే అంత అనేది."

"షుగరు వచ్చే గుణం, ఉమ్మి తీరు, పంటి పైపూత గట్టిదనం కొంతవరకు పెద్దవాళ్ళ నుంచి వస్తాయి. కొంతవరకే. రాసిపెట్టి ఉందని కూర్చుంటే మిగతావీ పోతాయి. మందు వేసుకుని, పళ్ళు చూసుకుంటే నిలుస్తాయి."

"నిలబెడతాను. కార్డు మీద తొమ్మిదని రాసింది మీరేగా? ఇదీ మీరే రాయండి."

డాక్టరు రాసింది. గొట్టాలు మరో రెండు అడిగితే ఇచ్చింది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి మేనేజరు ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు.

సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. "షుగరుంటే తిననట్టు రుజువా?"

"కాదు. పుచ్చితే తిన్నట్టూ కాదు. నేను తింటుంటే చూసినవాళ్ళని పిలవండి."

ఎవరూ లేరు.

"పొద్దస్తమానం ఆ తీపి వాసనలో నోరూరని మనిషుంటాడా?"

మిరపకాయ సంచిలోంచి గొట్టాలు తీసి బల్ల మీద పెట్టింది. "మీరూ నేనూ. ఐదు నిమిషాలు."

సూపర్‌వైజరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు గడియారం చూసి, కానివ్వండి అన్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా తలలు వంచి కూర్చున్నారు. ఫైలు పట్టుకొచ్చిన టైపిస్టు గుమ్మంలోనే ఆగిపోయింది. ఐదు నిమిషాలకు సూపర్‌వైజరు గొట్టంలో రెండుకు పైన. మిరపకాయ గొట్టంలో అడుగు మాత్రమే తడిసింది.

"టాఫీ వాసనకి ఎవరికి నోరూరుతోందో చూడండి సార్."

టైపిస్టు నవ్వింది. సూపర్‌వైజరు రుమాలు వెతుక్కున్నాడు. మేనేజరు క్షమాపణ పత్రాన్ని రెండుగా చించాడు.

"సరే, లైనుకి వెళ్ళు."

ఆమె లేవలేదు. "అమ్మదో?"

"అది పంతొమ్మిదేళ్ళ నాటిది. పైగా ఒప్పుకుని సంతకం పెట్టింది."

"ఇద్దరు పిల్లల్ని చూసుకుని పెట్టింది సార్. ఒప్పుకుని కాదు."

"పాత కాగితాల జోలికి నేను వెళ్ళలేను."

"అయితే వచ్చే తనిఖీకి మూడో లైనులో ఎవరూ నోరు తెరవరు. ఇరవై రెండు మందిమి. అందరితో మాట్లాడే వచ్చాను. డాక్టరుకీ చెప్పాను."

"బెదిరిస్తున్నావా?"

"ముందే చెబుతున్నాను."

మేనేజరు డాక్టరుకు ఫోను చేశాడు. నియమం తీసేసేదాకా తానూ సంఖ్యలు రాయనని ఆమె అంది. ఆయన ఫోను పెట్టేసి బీరువా తాళంచెవులు అడిగాడు. కాగితం దొరికేసరికి ఐదున్నర అయింది.

శుక్రవారం నాలుగింటికి తల్లి వచ్చింది. పెద్ద గేటు నుంచి వచ్చింది. మేనేజరు కుర్చీ చూపించాడు. పాత కాగితం మీద అడ్డంగా గీత గీసి, 'రద్దు' అని రాసి ఆమె ముందుకు తోశాడు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "ఎందుకు రద్దో రాయలేదు బాబూ."

"అవసరమాండీ?"

"తిన్నానని రాయించారుగా. తినలేదనీ రాయండి."

మేనేజరు రాశాడు. ఆమె మళ్ళీ మొదటి నుంచి చదివింది. తారీఖు అడిగింది. అదీ వేశాడు. నాలుగూ పన్నెండుకు కింద సంతకం పెట్టాడు.

నియమం తీసెయ్యాలని మేనేజరు పై ఆఫీసుకు రాసిన ఉత్తరానికి శనివారం సాయంత్రం వరకు జవాబు రాలేదు.