వస్తానన్న మాట

విశాఖపట్నంలో సోషల్ వర్కర్ల పరిచయ సమావేశానికి వచ్చిన మణిమాలకి తన నోట్లో ‘వస్తాను’ అనే మాట కనిపించడం లేదు. మిగతా మాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాలుకతో దవడ పళ్ల వెనక కూడా వెతుకుతుంది. లేదు.

పోతే పోయింది, ఒక్క మాటేగా అనుకుంటుంది. కానీ అది అనకుండా సెలవు తీసుకోవడం ఎలా? మొహం మీదే ‘వెళ్తున్నాను’ అనడానికి నోరు రాదు, ఇంట్లో అలా పెంచలేదు. అందుకే ఆమెతో మాట్లాడిన వాళ్లెవరూ ఆమెని వదలడం లేదు. హాస్టళ్లు చూసే ఆయన మోచెయ్యి పట్టుకుని వెంట నడుస్తున్నాడు. తాగుడు మాన్పించే కేంద్రం ఆవిడ కొంగు పట్టుకుంది. ఇద్దరూ మర్యాదగా టీ తాగుతున్నారు.

“మంచిదేగా,” అంటుంది సంగతి విన్న కామాక్షి గారు, ఈ ఊళ్లో మణిమాలకి ఉద్యోగం ఇప్పించిన పెద్దావిడ. “పరిచయాలు పెంచుకోమన్నాను. పెరుగుతున్నాయి.”

నిజమే. హాస్టళ్లాయన తల అప్పుడే ఫ్యానుకి తగులుతోంది.

“ఆ మాట ఆఖరిసారి ఎవరితో అన్నావు? అక్కడే మర్చిపోయుంటావు,” అంటుంది పెద్దావిడ.

మణిమాలకి గుర్తుంది. మొన్నటిదాకా పనిచేసిన పలాసలో, జీడిపిక్కలు కొట్టే నూకాలుతో అంది. శిశుగృహంలో ఉంచిన కూతుర్ని తిరిగిమ్మని నూకాలు అధికారులని అడగాలి, పక్కన మణిమాల ఉండాలి. విచారణ ఇవాళే. ఈ ఉద్యోగానికి బస్సెక్కుతూ “వస్తాను” అంది మణిమాల. అందరూ వెళ్లేటప్పుడు అనే మాటే అది. నూకాలు మాత్రం రెండు చేతులూ చాచి అందుకుంది. మణిమాల అది చూసింది. చూసి కూడా, ఊరికే అన్నానని చెప్పలేదు. ఎంత సిగ్గుమాలిన పని!

ఫోన్ చేస్తుంది. “నూకాలూ, నా మాట నీ దగ్గరుందా?”

“ఉందమ్మా. నువ్వెల్లిన మర్నాడే నడుసుకుని వచ్చీసింది. నీ సీరే కట్టింది, నీ నాగే నవ్వుతాది. కూడెడితే తింటాది. నువ్వేటీ బెంగెట్టుకోకు, ఇచారనకి నాతోటి అదొత్తాది.”

“అది నాకు కావాలి. ఇచ్చెయ్.”

“ఇచ్చిన మాట మల్లీ అడుగుతారేటమ్మా?”

మణిమాల ఫోన్ పెట్టేస్తుంది. పట్టుకున్నవాళ్లందరినీ ఈడ్చుకుంటూ తలుపు దాకా వెళ్లి, “వెళ్తున్నాను,” అనేస్తుంది. అందరి చేతులూ ఊడిపోతాయి. కామాక్షి గారు చెవులు మూసుకుంటుంది. తలుపు తెరుచుకుంటుంది.

బయట సముద్రం ఉండాలి. ఉన్నది విచారణ జరిగే పలాస ఆఫీసు వరండా. బెంచీ మీద నూకాలు, పక్కనే మణిమాల చీరలో ‘వస్తాను’. అది నూకాలు చెయ్యి పట్టుకుని ఉంది. మణిమాల ఎవరి చెయ్యీ అంత ఓపికగా పట్టుకోలేదు.

“నూకాలూ, వచ్చాను.”

నూకాలు ఎగాదిగా చూసి పక్కకి తిరుగుతుంది. “ఎవులమ్మా ఈవిడ?”

“ఊరికి కొత్తనుకుంటాను,” అంటుంది ‘వస్తాను’. “పరిచయాల కోసం వచ్చినట్టుంది.”

లోపలి నుంచి పిలుస్తారు. ఇద్దరూ లేచి వెళ్తారు. బయటికి ముగ్గురు వస్తారు. మధ్యలో పాప, ‘వస్తాను’ వేలు పట్టుకుని. వాళ్లు బెంచీ మీద సర్దుకుని కూర్చోగానే వరండా, గుమ్మంలో ఉన్న మణిమాలని వదిలేసి బస్సులా కదులుతుంది.

“వత్తాం!” అని పాప మణిమాలకి చెయ్యి ఊపుతుంది.

అందరూ వెళ్లేటప్పుడు అనే మాటే అది. మణిమాల రెండు చేతులూ చాచి అందుకుంటుంది. అరచేతుల్లో పడ్డ మాట వెచ్చగా ఉంది. అది కళ్లు తెరిచి ఆమె మొహంలోకి చూస్తుంది.

“నన్ను ఊరికే అన్నారు,” అని చెబుతుంది.